పల్లం ఎరగని నీరు

పోయినవారం వానమ్మని తెర ముందు కుర్చీలో కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఈ వారమంతా ఆమె అక్కడే ఉంది, కనీసం రెప్ప కూడా వెయ్యలేదు. కంగారు పెట్టకుండా మెల్లగా వెళ్లి ఆమె వెనక నిలబడదాం.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది కొండల మీద కట్టుకున్న ఊరు. ఇక్కడ వీధులే మెట్లు, మెట్లే వీధులు. ఒకరి గుమ్మం ఇంకొకరి ఇంటికప్పు ఎత్తున ఉంటుంది. వాన పడితే నీళ్లు ఎటు పారతాయో, ఎక్కడ నిలుస్తాయో, ఎవరి గడప ఎక్కుతాయో ముందే లెక్కగట్టి చెప్పడానికి ఒక ఆఫీసుంది. అది పై కొండ అంచున, మబ్బులు కిటికీల్లోంచి లోపలికొచ్చి కాగితాలు తడిపే చోట ఉంటుంది. అందులో మన కథానాయిక పని వాన కురిపించడం. నిజం వాన కాదు, కంప్యూటర్లో వాన. వాన కురవాలంటే కింద నేల ఉండాలి కదా. ఆ నేల తయారుచేసేది ఆమె మొగుడు. అందుకే ఆఫీసులో ఈమె వానమ్మ, ఆయన నేలయ్య. అసలు పేర్లు జీతాలిచ్చే గుమస్తాకి కూడా గుర్తుండవు.

వాళ్ల పెళ్లినాడు పెద్దాయన, అంటే ఆ ఆఫీసు పెద్ద ఇంజినీరు, భోజనాల దగ్గర "నేలకీ వానకీ ముడిపెడితే పుట్టేది బురదేనయ్యా" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. "బురదలోనే కదండీ ఏదైనా మొలిచేది" అన్నాడు నేలయ్య, నెమ్మదిగా. ఆ ఒక్క మాటకి వానమ్మ ఆయన్ని జీవితాంతం క్షమించేయడానికి ఒప్పేసుకుంది. ఆ ఒప్పందం ఇవాళ ఎంతవరకు నిలబడుతుందో మనమూ చూద్దాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. వానమ్మ తల్లి ఇరుగుపొరుగుతో "మా అమ్మాయి మోడలింగ్ చేస్తుంది" అని గర్వంగా చెప్పుకుంటుంది. విన్నవాళ్లు వానమ్మ కళ్లజోడునీ, నూనె రాసి బిగించిన జడనీ, అరిగిన చెప్పుల్నీ ఓసారి ఎగాదిగా చూసి "ఓహో, అలాగా" అంటారు. నీళ్ల మోడలింగ్ అని సరిదిద్దడం వానమ్మ ఎప్పుడో మానేసింది.

సరే, పోయినవారం ఆమె ఊరిమీద పెద్ద వాన కురిపించింది. నీళ్లన్నీ బుద్ధిగా మెట్లు దిగాయి, మలుపులు తిరిగాయి, కాలవల్లో పడ్డాయి. ఒక్క చోట మాత్రం తేడా వచ్చింది. కొండ అడుగున ఒక వీధి ఉంది. చుట్టూ మూడు వీధులు ఎత్తునుంచి వచ్చి అందులోకే దిగుతాయి. నేలయ్య అక్క, అంటే వానమ్మకి వదిన, అక్కడే లాండ్రీ నడుపుతుంది. హోటళ్ల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపడం ఆమె పని. మూడు వీధుల నీళ్లూ వచ్చి కలిసే ఆ చోట, తెరమీద ఒక్క చుక్క నిలవలేదు. మంచినీళ్లు తాగమన్నా ఆగని చుట్టంలా వచ్చిన నీరు వచ్చినట్టే దాటిపోయింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ వీధి పల్లమని ఊళ్లో కుక్కపిల్లకి కూడా తెలుసు. ఈ నీటికి మాత్రం తెలియలేదు.

వానమ్మకి ఒక అలవాటుంది. లెక్క ఎక్కడైనా తిరకాసుగా ఉంటే కళ్లు మూసుకుని నీటి వెంట నడుస్తుంది. ఇప్పుడూ అదే చేసింది. పై కొండమీద, నీళ్లట్యాంకు పక్కన మొదలుపెట్టింది. మొదట్లో నీరు సిగ్గరి. గడ్డి దుబ్బుల మధ్య తడుముకుంటూ, రాళ్ల వెనక ఆగుతూ వస్తుంది. మెట్లు తగలగానే దానికి ధైర్యం వస్తుంది. మెట్టు మెట్టుకీ గొంతు పెరుగుతుంది. పూలకుండీల పక్కనుంచి, ఎవరో బయట మరిచిపోయిన బొమ్మకారుని ముందుకు తోసుకుంటూ, సైకిల్ చక్రాల సందుల్లోంచి దూరుతూ దిగింది. వానమ్మ కాళ్లకి చల్లగా తగిలింది. మలుపు దగ్గర ఇంకో వీధి నీరు వచ్చి చెయ్యి కలిపింది, ఆ తర్వాత మూడోది. అందరూ కలిసి వదిన వీధిలోకి దిగారు. దిగి, అక్కడ ఆగిపోయారు. వానమ్మ కళ్లు మూసుకుని నడిచిన ప్రతిసారీ ఆ నీరు అక్కడ ఆగుతూనే ఉంది. లాండ్రీ కిటికీ దాకా లేచి, తెల్లదుప్పట్లని మెల్లగా ఊపుతూ నిలబడుతూనే ఉంది. కళ్లు తెరిస్తే మాత్రం తెరమీద వీధి పొడిగా ఉంది.

కళ్లు మూసుకుంటే ఒక ఊరు, తెరిస్తే ఇంకో ఊరు. ఈ రెండింట్లో ఏదో ఒకటి కలయి ఉండాలి.

ఇక్కడ నేలయ్య పని గురించి కొంచెం చెప్పుకోకపోతే ముందుకు సాగదు. ఆయన నేలంటే విమానంలోంచి కొలిచిన కొలతలు. ఊరంతా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడికి ఒక్కో ఎత్తు. నీరు ప్రతి గడిలోనూ చుట్టూ చూసుకుని, తనకంటే కిందున్న గడిలోకి దిగుతుంది. ఎక్కడైనా చుట్టూ ఉన్న గళ్లన్నీ ఎత్తుగా ఉంటే దిక్కులు చూస్తూ అక్కడే నిలబడిపోతుంది, లెక్క కూడా దాంతోపాటే నిలబడిపోతుంది. అలాంటి గుంటల్లో చాలామటుకు దొంగగుంటలే. రెండు లారీల మధ్య సందో, కొమ్మల మధ్య కంతో, గోడ నీడో విమానం కంటికి గొయ్యిలా కనబడుతుంది. అందుకని వాన కురిపించేముందు గుంటలు పూడ్చాలి. చిన్నవాటిని కంప్యూటరే పూడ్చేసుకుంటుంది. పెద్దది తగిలితే మాత్రం ఆగి, ఇది నిజమా అబద్ధమా అని మనిషిని అడుగుతుంది. అబద్ధమంటే పూడుస్తుంది.

కాబట్టి ఆ ఆఫీసులో పొద్దున్నే వినబడే పలకరింపు "ఇవాళ ఎన్ని పూడ్చావు?" అనే. టీ తేవడానికి కొత్తగా కుదిరిన మనిషి నాలుగు రోజులు ఆ మాట విని, ఇది శ్మశానం తాలూకు ఆఫీసనుకుని పని మానేశాడట.

వానమ్మ పచ్చినేల తెప్పించింది, అంటే ఏ చెయ్యీ పడకముందు విమానం కొలిచిన కొలత. దాని పక్కన నేలయ్య పూర్తిచేసి ఇచ్చిన నేల పెట్టింది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేసింది. చిన్నపిల్లలు చేసే తీసివేతే. పూడ్చనిచోట సున్నా మిగులుతుంది, అది నల్లగా కనబడుతుంది. పూడ్చినచోట ఎంత పూడ్చారో అంత తెలుపు మిగులుతుంది. తెర నల్లబడి, అక్కడక్కడా బియ్యపు నూక చల్లినట్టు తెల్లచుక్కలు తేలాయి. అవన్నీ లారీలూ చెట్లూ. వాటి మధ్యన అడుగున ఒక పెద్ద తెల్లమచ్చ ఉంది. దానికి వదిన వీధి ఆకారమే ఉంది, మలుపుతో సహా. లోతు చూసింది. మనిషి నిలువెత్తు పైనే.

కంప్యూటర్ పూడిస్తే గిన్నెలో పాలు పోసినట్టు పైన బల్లపరుపుగా ఉంటుంది. ఇది అలా లేదు. ఒక చివరనుంచి ఇంకో చివరికి సన్నటి వాలుంది, నీరు ఆగకుండా జారిపోవడానికి సరిపడా. అంచుల దగ్గర పక్క వీధులతో అతుకు కనబడకుండా నునుపు చేసి ఉంది. కుట్టు చూసి కుట్టిన చెయ్యి ఎవరిదో చెప్పే దర్జీలుంటారు. వానమ్మ కూడా అలాగే చెప్పగలదు. ఇంత ఓపిగ్గా, ఇంత ముద్దుగా నేలని దువ్వేవాడు ఆ ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు.

ఆమె లేచింది. నడవాలోకి మబ్బు దూరి ఉంది. తెల్లటి ఆ మసకలో నడుస్తుంటే కాళ్ల కింద నేల ఉందో లేదో తెలియలేదు. ఉన్న నేల కూడా ఎవరో పూడ్చిందేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

నేలయ్య గదిలో ఇంకెవరూ లేరు, అందరూ భోజనానికి వెళ్లారు. బయట చిన్నగా తుంపర పడుతోంది. ఆయన తెర ముందు ఒంగి ఏదో దిబ్బని సవరించుకుంటున్నాడు. ఆమెని చూడగానే ముఖం విచ్చుకుంది.

"రా, తిన్నావా?"

"మీరు తిన్నారా?" అంది వానమ్మ.

నేలయ్య చెయ్యి మౌస్‌మీదే ఆగిపోయింది. నలుగురిలో ఉంటే ఆమె "మీరు" అంటుంది, ఇద్దరే ఉంటే "నువ్వు". ఇద్దరే ఉన్నప్పుడు ఆమె నోట "మీరు" వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదని ఆయనకి అనుభవమే.

"ఏమైంది?"

"వదిన వీధిని పూడ్చింది ఎవరండీ?"

"ఏ వీధి?"

"వదిన ఉండే వీధి ఎన్ని ఉన్నాయేంటి ఊళ్లో?"

"కంప్యూటరే పూడ్చుకుని ఉంటుంది. పెద్ద గుంట కదా, ఎక్కడో..."

"కంప్యూటర్‌కి అంత సొగసు తెలీదు." ఆమె వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. "వాలు పెట్టారు. అంచులు దువ్వారు. నేను కురిపించే నీళ్లకి అనుమానం రాకుండా దారి వేశారు. నన్ను చూసి చెప్పండి."

ఆయన ఆమెని చూడలేదు. కిటికీ అద్దంమీద జారుతున్న చుక్కల్ని చూస్తూ కూర్చున్నాడు. ఒక చుక్క దిగుతూ దిగుతూ ఇంకోదాన్ని కలుపుకుని, బరువై, గబుక్కున జారిపోయింది. అది పోయాక మాట్లాడాడు.

"అక్క వచ్చింది ఆ రోజు. ఇక్కడికే, ఈ గదికే. నువ్వు మీ అమ్మ దగ్గరున్నావు. ముంపు పటం వస్తోందటగా, మా వీధి ఎర్రగా వస్తుందిటగా అంది. ఎర్రరంగు పడితే తలుపుమీద నోటీసు పడుతుంది, నోటీసు పడితే ఖాళీ చెయ్యాలి. ఇప్పటికే రెండుసార్లు ఖాళీ చేసింది అక్క. ఒకసారి రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు. ఇంకోసారి కొండగోడ పగిలిందన్నారు. 'ఆ బాయిలరూ ఆ మిషన్లూ నెత్తిన పెట్టుకుని ఇంకో కొండ ఎక్కలేనురా' అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది."

వానమ్మ కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"అమ్మ పోయాక నన్ను ఎవరు పెంచారో నీకు తెలుసు. ఊరివాళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసి చదివించింది. ఆ మర్నాడే ఆ గుంట వచ్చింది తెరమీదకి. నిజమా, అబద్ధమా అని అడిగింది. చాలాసేపు చూశాను. చివరికి అబద్ధమన్నాను."

"ఒక్క అబద్ధమేగా అనుకున్నారు."

"కాదు. నువ్వు కనిపెడతావనుకున్నాను."

"కనిపెట్టాక?"

ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "ఊరుకుంటావనుకున్నాను."

వానమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపంతో కాదు, ఆ మాట నిజం కాబట్టి. ఈ గదికి వచ్చేదాకా నడవాలో ఆమె చేసింది కూడా అదే ఆలోచన. ఊరుకుంటే ఏం పోతుంది? ఆ వాన ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. వదిన ఆమెకి మాత్రం పరాయిదా? పెళ్లైన కొత్తలో జ్వరమొచ్చి పడుకుంటే, ఇస్త్రీపెట్టె కిందనుంచి అప్పుడే తీసిన దుప్పటి వెచ్చవెచ్చగా తెచ్చి కప్పింది. ఆ వేడి ఇప్పటికీ ఒంటికి తెలుస్తుంది. అలాంటి మనిషిని వీధిలో నిలబెట్టే ఎరుపు తన చేత్తో ఎలా పూస్తుంది? పూడ్చిన గుంటని అలాగే ఉండనిచ్చి, మబ్బులోంచి మబ్బులాగా వెనక్కి వెళ్లిపోవచ్చు. ఎవరికీ తెలియదు.

నీళ్లకి తెలుస్తుంది.

"నీకో సంగతి చెప్పనా?" అంది. "నువ్వు" తిరిగొచ్చినందుకు నేలయ్య ఆశగా తలెత్తాడు. "పటం అడుగున ఏం రాసుందో ఎప్పుడైనా చదివావా?"

"అడుగునేముంటుంది? స్కేలు, ఉత్తరం గుర్తు, తేదీ..."

"నేల చేసేవాడు నేల చూస్తాడు గానీ కింద రాసింది చదవడు." ఆయన తెరమీదే పటం తెరిచి అడుగు భాగం పెద్దది చేసింది. "చదువు."

ఆయన పైకే చదివాడు. "'వాన ముదిరినప్పుడు ఎర్ర వీధులవారు తమకు దగ్గరలోని పచ్చ వీధులకు చేరుకోవలెను.'"

చదివి, మళ్లీ మనసులో చదువుకున్నాడు. పెదాలు కదలడం ఆమెకి కనబడుతూనే ఉంది.

"ఎరుపు తుడిచేశాననుకున్నావు నువ్వు. తుడిస్తే ఖాళీ మిగలదు, పచ్చ వస్తుంది. ఎరుపంటే పొమ్మని. పచ్చంటే రమ్మని. సాయంత్రం ఈ పటం ఊరంతటికీ వెళ్తుంది. అక్క వీధికి పైనున్న మూడు వీధులూ మెట్లమీది నీటి ఉరవడికి ఎరుపే, వాళ్లకి దగ్గర్లో ఉన్న పచ్చ ఏది?"

నేలయ్య చూపు పటంమీద జారుతూ వచ్చి అక్క వీధి దగ్గర ఆగింది.

"అక్క ఇల్లు నిలబెట్టబోయి అక్కనే ముంచుతున్నావు. అక్క ఒక్కదాన్నే కాదు, అక్కడికి చేరేవాళ్లందర్నీ."

"నేను అంత దూరం..." అని ఆగిపోయాడు.

"లే. పక్కకి జరుగు."

ఆమె పచ్చినేలని తెరమీద పరిచింది. అదే వాన, అదే కొండ. ఈసారి దువ్వని నేల. కురిపించింది.

తెరమీద వానకి చప్పుడుండదు. నీలం రంగు అలా పాకుతుంది అంతే. కొండ తలమీద సన్నటి దారాలుగా మొదలైంది. దారాలు కలిసి పాయలయ్యాయి. మెట్లమీద రంగు చిక్కబడింది. ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని ఆ నీలాన్ని చూస్తున్నారు. బయట మబ్బు కిటికీకి ఇంకా దగ్గరగా వచ్చి, ఆ గదిని ఊరినుంచి విడదీసినట్టయింది. ప్రపంచంలో వాళ్లిద్దరూ ఆ నీరూ తప్ప మరేమీ లేవు. ఇంత అందమైనది ఎవరికైనా కీడు చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. వానమ్మకి ప్రతిసారీ అనిపించేది ఇదే, ఇన్నేళ్ల తర్వాత కూడా.

మూడు పాయలు మూడు వైపులనుంచి అక్క వీధి చేరాయి. చేరి, ఆగాయి.

మొదట అడుగున పల్చటి నీలం నిండింది. తర్వాత అది వెడల్పు కాలేదు, ముదిరింది. అంటే లోతు పెరుగుతోందన్నమాట. లాండ్రీ కిందగది గడప దాటింది. ఆ గది వీధికంటే రెండు మెట్లు కిందికి ఉంటుంది. కాలేజీ రోజుల్లో నేలయ్య పరీక్షలకి చదువుకున్నది ఆ గదిలోనే, దుప్పట్ల గుట్టలకి ఆనుకుని.

"చాలు, ఆపు" అన్నాడు.

ఆమె ఆపలేదు.

నీలం నల్లబడింది. కిటికీ దాటింది.

"ఆపవే, నీకు పుణ్యముంటుంది."

ఆపింది. నేలయ్య రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వానమ్మ ఆయన వీపుమీద చెయ్యి వేసింది. ఓదార్పుకి కాదు, ఆ నిమిషాన తనకీ ఏదో ఒకటి పట్టుకోవాలనిపించింది.

కాసేపటికి ఆయన ముఖం తుడుచుకుని మౌస్ అందుకున్నాడు. తను పూడ్చిన వీధి దగ్గరికి వెళ్లాడు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ పూడ్చడమే తప్ప తవ్వడం ఎరగని చెయ్యి మొదటిసారి తవ్వడం మొదలుపెట్టింది. దువ్విన అంచులు చెరిపాడు. వాలు తీసేశాడు. గడి గడికీ విమానం చెప్పిన ఎత్తే వేసుకుంటూ పోయాడు. అక్క గుమ్మం ఉన్న గడి దగ్గర కొంచెం ఆగాడు. తర్వాత దాన్ని కూడా దించేశాడు. పటం తనంతట తాను రంగు మార్చుకుంది. వీధి ఈ చివరినుంచి ఆ చివరికి ఎర్రబడింది.

"ఇది పెద్దాయనకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది వానమ్మ.

"పూడ్చింది నేను" అని లేచాడు.

ఆయన మబ్బు నిండిన నడవాలోకి వెళ్లి కనబడకుండా పోయాడు. వానమ్మ ఒక్కతే కూర్చుంది. ఉద్యోగం పోతుంది, తెలుసు. అక్క తలుపుమీద నోటీసు పడుతుంది, అదీ తెలుసు. ఆ బాయిలర్ కొండెక్కించడానికి ఎంతమంది కూలీలు కావాలో, ఇంట్లో ముందుగది ఖాళీ చేస్తే మిషన్లు పడతాయో లేదో కొలుచుకుంటూ కూర్చుంది. ముందుగదిలో పట్టకపోతే పడగ్గదిలో పెడదాం, మనం వంటింట్లో పడుకుందాం అనుకుంది. దుఃఖంలో కూడా ఆమెకి గదుల కొలతలే తోస్తాయి. ఏం చేస్తాం, బుద్ధి అలాంటిది.

నేలయ్య తిరిగొచ్చేసరికి కిటికీ అద్దంమీద తుంపర చినుకులైంది.

"ఏమన్నాడు?"

"కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. 'ముందు పటం మార్చి పంపించు, నీ సంగతి తర్వాత చూద్దాం' అన్నాడు. పంపేశాను. పాతది ఊళ్లోకి వెళ్లలేదు." పెద్ద బరువు దించుకున్నవాడిలా గోడకి ఆనుకున్నాడు. "సమయానికి చెప్పావు."

"వదినకి?"

"చెప్పాలి." ఫోన్ తీశాడు గానీ నొక్కలేకపోయాడు. "నువ్వు చెప్పవే."

"ఆవిడ నీ అక్క."

"నీకు మాత్రం వదిన కాదా?"

ఎక్కడైనా మొగుళ్లు మొగుళ్లేనని నిట్టూర్చి, వానమ్మ ఫోన్ లాక్కుని నొక్కి, ఇద్దరికీ వినబడేలా బల్లమీద పెట్టింది. అవతల గంట మోగుతుండగానే ఆఫీసు రేకులమీద వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. ఇద్దరూ పైకి చూశారు. పై కొండమీద ఇంత వాన పడితే అది అడుగు వీధికి చేరడానికి ఎంతసేపు పడుతుందో వానమ్మకి తెలుసు. ఒక కప్పు టీ చల్లారేంత.

"నూరేళ్లాయుష్షురా నీకు!" అంది వదిన, ఫోన్ ఎత్తుతూనే. గొంతు పండగలా ఉంది. "ఇప్పుడే నీ మాటే చెబుతున్నా ఇక్కడందరికీ."

"వదినా, నేను. ఎక్కడున్నారు? అక్కడ వాన ఉందా?"

"నువ్వా అమ్మాయ్! ఇక్కడ చినుకు లేదు. మబ్బు పట్టింది అంతే. రొట్టెల కొట్టుకొచ్చా, పై వీధికి. మీ ఆయన ఎంత మంచి పని చేశాడో తెలుసా? పటంలో మన వీధి పచ్చగా వచ్చిందని ఆ బొమ్మ నా ఫోన్‌కి పంపాడు కదా..."

వానమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. వీధి పచ్చగా వచ్చిన రోజే, సంతోషం పట్టలేక పంపాడు. పంపి మరిచిపోయాడు.

"...నేను ఊరుకుంటానా? వీధి వీధికీ పంపా. మా తమ్ముడు గీసిందని చెప్పా. ఇందాక మబ్బు చూసి పైవాళ్లంతా హడలిపోయారు. వాళ్లది ఎరుపు కదా. ఎరుపువాళ్లు పచ్చకి రావాలని అడుగున రాసి ఉందిట, ఎవరో చదివి చెప్పారు. పాపం ఎక్కడికి పోతారు, మా దగ్గరికే రమ్మన్నా. వాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారు, పిల్లల్ని ముందు పంపేశారు."

"పిల్లలెక్కడున్నారు వదినా?"

"కిందగదిలో. తెల్లదుప్పట్లు మెత్తగా పరిచా, ఆడి ఆడి అలిసి పడుకున్నారు. చూడ్డానికి ఎంత బాగుందో తెలుసా, మబ్బులో పడుకున్నట్టుంది. ఒక ముసలమ్మ తోడుంది గానీ ఆవిడా గుర్రుపెడుతోంది." వదిన నవ్వింది. "లేచేసరికి ఆకలంటారు కదాని రొట్టెలకొచ్చా."

"అక్కా!" నేలయ్య ఫోన్‌మీదికి ఒంగాడు. "అక్కా, వాళ్లని లేపమని చెప్పు. తలుపు తీసి పైకి రమ్మను. ఇప్పుడే."

"ఎందుకురా అంత కంగారు? ఆ తలుపు గడియ ఊడిపోయి గాలికి ఒకటే కొట్టుకుంటోంది. పిల్లలు ఉలిక్కిపడుతున్నారని బయటినుంచి తాళం వేసుకొచ్చా. నువ్వేం బెంగపెట్టుకోకు, తాళంచెవి నా చేతిలోనే ఉంది."